సొంత పాట కట్టాలనుకునే గిటార్ ప్రియులకు: ఏ దారి ఎవరికి

గిటార్ పట్టి రెండు మూడేళ్లయింది. పది పన్నెండు కార్డులు వచ్చు. స్నేహితులు పాడుతుంటే పక్కన కూర్చుని తప్పుల్లేకుండా వాయించగలరు. సొంత పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం పల్లవి ఒకటి పుడుతుంది, చరణం పుట్టదు. ఆ పల్లవినే ఆరు నెలలు వాయించి, ఇంకో పల్లవి మొదలుపెడతారు. ఈ దశలో ఉన్నవాళ్లకు సందేహాలు చాలానే ఉంటాయి. గిటార్ మార్చాలా, గురువును వెతకాలా, గ్రేడ్ పరీక్షలు రాయాలా, మాటలు ముందు రాయాలా, బాణీ ముందు కట్టాలా? ఈ రాత వాళ్ల కోసం. నిన్ననే గిటార్ కొన్నవాళ్లకు ఇందులో పనికొచ్చేది తక్కువ.

నా తూకం ఏమిటో ముందే చెబుతాను. రెండు దారులు కనిపించినప్పుడల్లా మీ గొంతుకూ మీ తెలుగు మాటకూ ఏది దగ్గరగా ఉందో చూసి అటు వెళ్లండి. ఎక్కువ మంది వేళ్లను బట్టి ఎంచుకుంటారు. కొందరు సులువైనదని, మరికొందరు కష్టమైనది సాధిస్తేనే విద్య అని. మనకు దొరికే గిటార్ పాఠాల్లో అధిక భాగం ఇంగ్లీషు పాటను మనసులో పెట్టుకుని తయారైనవి. వాటిలో చేతి పని మనకు యథాతథంగా పనికొస్తుంది. మాటను స్వరం మీద కూర్చే పని అలా పనికిరాదు.

మాట ముందా, బాణీ ముందా

తెలుగు సినిమా రంగంలో చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి బాణీ ముందు. సంగీత దర్శకుడు తననా అంటూ పాడి ఇస్తే కవి ఆ కొలతకు మాటలు కూరుస్తాడు. లలిత గీతాల్లో, ఆకాశవాణి పాటల్లో ఎక్కువగా సాహిత్యం ముందు, స్వరం తరువాత. గిటార్ వాయించేవాళ్లలో ఈ రెండూ కాని మూడో అలవాటు ఉంది, అదే అన్నిటికంటే బలహీనమైనది: ముందు కార్డులు. జి, డి, ఇ మైనర్, సి అని ఒక వలయం తిప్పుతూ, దాని మీద ఏదో ఒకటి గునుగుతూ పోవడం. ఇలా పుట్టిన బాణీ కార్డులోని స్వరాలను దాటి బయటికి పోదు. వలయం ఎక్కడా ఆగదు కాబట్టి పాటకూ ఆగాల్సిన చోటు దొరకదు. చరణం పుట్టకపోవడానికి సగం కారణం ఇదే. బాణీ కట్టేటప్పుడు గిటార్‌ను పక్కన పెట్టండి. నడుస్తూ పాడుకోండి. బాణీ ఒక రూపానికి వచ్చాక గిటార్ తీసి, అది ఏ కార్డులు అడుగుతోందో వెతకండి.

ఇక మాటా బాణీల మధ్య పోటీ. మాటతో మొదలుపెడితే అర్థం గట్టిగా ఉంటుంది, పాదాలు సమంగా వస్తాయి. నష్టం ఏమిటంటే, పాదాలు మరీ సమంగా ఉండి, బాణీ పద్యం చదివినట్లో నినాదం ఇచ్చినట్లో తయారవుతుంది. బాణీతో మొదలుపెడితే స్వరం స్వేచ్ఛగా ఎగురుతుంది, కానీ మాటల దగ్గర ఇబ్బంది మొదలవుతుంది. తెలుగులో అచ్చు పొడవు అర్థాన్ని మార్చేస్తుంది. బాణీలో రెండు మాత్రలు సాగే చోట ‘పడి’ పెడితే వినేవాడికి ‘పాడి’ అని వినిపిస్తుంది. పాదం చివర ‘నేను’ను సాగదీస్తే ‘నేనూ’ అవుతుంది, అంటే ఇంకెవరో కూడా ఉన్నారన్నమాట. ‘ఆమె’ను సాగదీస్తే ‘ఆమే’, అంటే ఇంకెవరూ లేరు. ఒంటరితనం మీద రాసిన పాటలో ఇలాంటివి జరిగితే ఎంత ఇబ్బందో ఊహించుకోండి.

ద్విత్వాక్షరాల సంగతి ఇంకా సూక్ష్మం. ‘అమ్మ’, ‘వెన్నెల’, ‘చల్లని’ లాంటి మాటల్లో మొదటి అక్షరాన్ని స్వరం మీద కొంత నిలపవచ్చు. ఎందుకంటే మ, న, ల ధ్వనులు సాగుతాయి. అచ్చును సాగదీయకుండా ‘అమ్‌’ దగ్గర మకారం మీద నిలబడితే చెవికి హాయిగా ఉంటుంది. ‘అక్క’, ‘చెట్టు’, ‘పచ్చ’ అలా నిలవవు. క, ట, చ దగ్గర గాలి ఆగిపోతుంది. సాగదీయాలంటే అచ్చునే సాగదీయాలి, అప్పుడు మాట పాడైపోతుంది. అందుకే దీర్ఘ స్వరం మీద పడే చోట మొదటి రకం మాటలను వెతకండి, గబగబా నడిచే చోట రెండో రకాన్ని వాడండి. రెండో రకం మాటలు గిటార్ స్ట్రమ్మింగ్‌తో కలిసి తాళంలా మోగుతాయి కూడా.

నా సలహా రెండింటిలో ఏదో ఒకటి కాదు. పల్లవిని మాటతో మొదలుపెట్టండి. ఒక్క పాదం చాలు, కానీ అది మీరు నిజంగా ఎవరితోనైనా అనగలిగే మాట అయి ఉండాలి. దాన్ని పదిసార్లు మామూలుగా పలికి చూస్తే ఎక్కడ గొంతు లేస్తుందో ఎక్కడ దిగుతుందో తెలుస్తుంది, బాణీ విత్తనం అందులోనే ఉంటుంది. చరణానికి మాత్రం పద్ధతి మార్చండి. మాటలు లేకుండా తననాలతో మొత్తం చరణం బాణీ కట్టి, ఫోనులో రికార్డు చేసి, ఒక్కో అక్షరం గురువో లఘువో కాగితం మీద గుర్తులు వేసుకోండి. ఆ కొలతకు తరువాత మాటలు నింపండి. చరణం అనేది పల్లవి కంటే ఎత్తుకు వెళ్లి మళ్లీ పల్లవికి దిగాల్సిన చోటు. ఆ ప్రయాణాన్ని స్వరంతో ముందే నిర్ణయించుకోకపోతే మాటలు పల్లవి చుట్టూనే తిరుగుతుంటాయి.

ఇంగ్లీషు పాట తరహాలో వర్స్, కోరస్, బ్రిడ్జ్ అని విడదీయాలా, పల్లవి, అనుపల్లవి, చరణం అని విడదీయాలా అని కూడా కొందరు తర్కిస్తుంటారు. ఇందులో పెద్ద విశేషం లేదు. తేడా ఒకటే: కోరస్ కథ కొంత చెప్పాక వస్తుంది, పల్లవి మొదటే వచ్చేస్తుంది. కథ చెప్పే పాటకు మొదటిది నయం, ఒకే భావాన్ని తిప్పి తిప్పి చూపే పాటకు రెండోది.

స్ట్రమ్మింగ్ పాటర్నా, నడకా

మొదటి పాఠంలోనే అందరికీ నేర్పే పాటర్న్ ఒకటుంది: కింద, కింద పైన, పైన కింద పైన. నాలుగు దెబ్బల తాళానికి సరిపోతుంది. కొత్త పాట కట్టేవాళ్లు ఏ మాటలనైనా దీని మీదికే ఎక్కిస్తారు. అలవాటైన పాటర్న్ కాబట్టి సుఖంగానే ఉంటుంది, కానీ తెలుగు మాటలు నాలుగు కంటే మూడు, అయిదు, ఏడు మాత్రల నడకల్లో సహజంగా పడే సందర్భాలు చాలా ఎక్కువ. ఈ రెండు పాదాలు చదవండి:

వాన వెలిసిన వీధిలో నీ
పాట ఒక్కటి మిగిలిపోయెను

మూడు, నాలుగు, మూడు, నాలుగు. గురజాడ అప్పారావు ముత్యాల సరాలకు ఆధారమైన మిశ్రగతి ఇదే. దీన్ని నాలుగు దెబ్బల పాటర్న్ మీద పెడితే ‘వాన’ను ‘వానా’ అని, ‘వీధి’ని ‘వీధీ’ అని సాగదీయాల్సి వస్తుంది. అలా కాకుండా తకిట తకధిమి అని చేయి నడిపితే మాట తనంతట తానే కూర్చుంటుంది. చేతి కదలిక ఇలా: తకిటకు కింద, కింద, పైన. తకధిమికి కింద, పైన, కింద, పైన. మూడు మాత్రలకు రెండు ‘కింద’లు ఎందుకంటే, బేసి సంఖ్యలో కింద పైన కింద పైన అని వరుసగా పోతే రెండో ఆవృతం ‘పైన’తో మొదలై మొదటి దెబ్బ బలహీనమవుతుంది. ఆ ఒక్క సర్దుబాటు చేసుకుంటే మిశ్రగతిలో భయపడాల్సింది ఏమీ లేదు.

ఖండగతి కూడా అంతే:

ఎక్కడో చుక్కలా ఒంటిగా నిలిచితే

అయిదు చొప్పున నాలుగు గణాలు. తక తకిట అని, కింద పైన, కింద కింద పైన. మొదట్లో చేయి కుంటుతుంది. మెట్రోనోమ్‌ను ప్రతి మాత్రకూ కాకుండా ప్రతి అయిదో మాత్రకూ ఒక్కసారి మోగేలా నెమ్మదిగా పెట్టి, మధ్యలో నోటితో తక తకిట చెప్పుకుంటూ వాయిస్తే త్వరగా స్థిరపడుతుంది. ప్రతి మాత్రకూ మోగించుకుంటే కొలత మెట్రోనోమ్‌ది అవుతుంది కానీ మీది కాదు.

డ్రమ్ లూప్ మీద సాధన చేయడం మంచిదా, మెట్రోనోమ్ మీదా? వినడానికి లూప్ హాయి. కానీ దొరికే లూపుల్లో అత్యధికం నాలుగు దెబ్బలవే. వాటికి అలవాటుపడితే మళ్లీ మొదటికే వస్తాం. తకిట, తకధిమి నోటితో పలకడానికి ఖర్చేమీ లేదు.

కార్డులా, రాగమా

ఇది తెలుగువాళ్లు గిటార్ మీద ఎక్కువగా తడబడే చోటు. శంకరాభరణంలో పాట కడితే ఇబ్బంది లేదు, అది మేజర్ స్కేలే. నటభైరవి సహజ మైనర్. కీరవాణి హార్మోనిక్ మైనర్. ఈ మేళకర్తల్లో ఏడు స్వరాలూ ఉంటాయి కాబట్టి కార్డులు పుష్కలంగా దొరుకుతాయి. అసలు చిక్కు అయిదు స్వరాల రాగాల దగ్గర మొదలవుతుంది.

హిందోళం తీసుకోండి. షడ్జమం (స) ఇ మీద పెడితే స్వరాలు ఇ, జి, ఎ, సి, డి. ఇందులో పంచమం (ప) లేదు. అంటే షడ్జమం మీద పూర్తి కార్డు కట్టడానికే వీలులేదు. ఈ అయిదు స్వరాల నుంచి పూర్తిగా దొరికే కార్డులు రెండే: ఎ మైనర్, సి మేజర్. సంతోషంగా ఎ మైనర్ వాయించి హిందోళం పాడదామని మొదలుపెడతారు. కొద్దిసేపటికి చెవి ‘ఎ’ని షడ్జమంగా తీసుకుంటుంది. అప్పుడు అవే అయిదు స్వరాలు హిందోళం కావు, శుద్ధ ధన్యాసి అవుతాయి. సి కార్డు మీద ఎక్కువసేపు నిలిస్తే మోహన అవుతుంది. డి నుంచి లెక్కిస్తే మధ్యమావతి. కచేరీలో విద్వాంసులు కావాలని చేసే గ్రహభేదం గిటార్ మీద మనకు తెలియకుండానే జరిగిపోతుందన్నమాట. తాను హిందోళంలో కట్టానని చెప్పిన పాట వినేవాళ్లకు మరోలా వినిపించడానికి కారణం గాయకుడు కాదు, కింద మోగే కార్డు.

అందువల్ల ఎంపిక ఇలా చేసుకోండి. బాణీ ఒక రాగం ఛాయను గట్టిగా పట్టుకుని ఉండాలనుకుంటే కార్డులు తగ్గించండి. శ్రుతిపెట్టెలా షడ్జమాన్ని మోగిస్తూ ఉండండి. ఇ షడ్జమమైతే ఆరో తీగ ఖాళీగానే మోగుతుంది, దాన్ని ఎప్పుడూ ఆపకండి. దాని పైన రెండు స్వరాల జంటలు మాత్రమే వేయండి. బాణీ భావం కోసం రాగం దాటడానికి మీకు అభ్యంతరం లేకపోతే కార్డుల దారి పట్టండి, కానీ అప్పుడు పాటకు రాగం పేరు తగిలించే ఆరాటం మానేయండి. సగం సగం చేసినప్పుడే పాట చెడుతుంది.

రాగం దారి ఎంచుకున్నవాళ్లకు ఒక శ్రుతి అమరిక చాలా కలిసొస్తుంది. మామూలుగా ఆరో తీగ నుంచి ఇ, ఎ, డి, జి, బి, ఇ అని కదా. దాన్ని డి, ఎ, డి, జి, ఎ, డి అని మార్చండి. డి షడ్జమం అనుకుంటే ఇది స, ప, స, మ, ప, స. గాంధారం (గ) ఎక్కడా లేదు కాబట్టి అటు మేజర్ కాదు, ఇటు మైనర్ కాదు. ఏ గాంధారం పాడాలో గొంతు నిర్ణయిస్తుంది. ఇంగ్లండ్ గిటారిస్టు డేవీ గ్రేహమ్ 1960లలో ప్రచారంలోకి తెచ్చిన అమరిక ఇది. మన పాటకు ఇంతగా ఎందుకు నప్పుతుందో చూస్తే తెలుస్తూనే ఉంది. అయితే హిందోళం లాంటి పంచమ వర్జ్య రాగాలకు ఇది పనికిరాదు, ఖాళీ తీగల్లోనే పంచమం ఉంది. మధ్యమావతి, శుద్ధ ధన్యాసి, శుద్ధ సావేరి లాంటివాటికి బాగుంటుంది.

అమరికలు మార్చడం సోమరుల పని అని అనేవాళ్లు తారసపడతారు. కెనడా గాయని జోనీ మిచెల్‌కు చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ చేయి బలహీనపడింది. మామూలు కార్డులు కష్టమై రకరకాల అమరికలు కనిపెట్టుకుంది. ఆమె పాటల ప్రత్యేకతలో అదీ ఒక భాగమైంది. పాట కోసం అమరిక మార్చడంలో తప్పేమీ లేదు. కానీ మొదటి మూడు నాలుగు పాటలు మామూలు అమరికలోనే పూర్తి చేయండి. లేకపోతే నేర్చుకున్న కార్డులన్నీ ప్రతిసారీ మొదటి నుంచి వెతుక్కోవాల్సి వస్తుంది.

కేపోనా, బారే కార్డులా

కర్ణాటక సంగీతం కొంచెం నేర్చుకున్నవాళ్లు తమ శ్రుతిని అంకెల్లో చెబుతారు. ఒకటో శ్రుతి అంటే సి, ఒకటిన్నర అంటే సి షార్ప్, రెండు అంటే డి, అయిదు జి, అయిదున్నర జి షార్ప్. పురుషుల్లో చాలామందికి ఒకటి నుంచి రెండు మధ్య, స్త్రీలలో చాలామందికి అయిదు, అయిదున్నర చుట్టూ సౌకర్యం. ఒకటిన్నర, అయిదున్నర రెండూ ఖాళీ తీగల కార్డులకు లొంగని శ్రుతులు. అందుకే గిటార్ వాయించేవాళ్లు తమ గొంతును సి కో జి కో ఈడ్చుకెళ్లి పాడతారు. ఇది చేయకండి. తీగలన్నిటినీ ఒకే ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టే కేపో ఉన్నదే ఇందుకు.

ఒకటిన్నర శ్రుతికి మొదటి ఫ్రెట్‌లో కేపో పెట్టి సి ఆకారాలు వాయించవచ్చు, లేదా నాలుగో ఫ్రెట్‌లో పెట్టి ఎ ఆకారాలు. అయిదున్నరకు మొదటి ఫ్రెట్‌లో జి, నాలుగో ఫ్రెట్‌లో ఇ. ఒకే శ్రుతి, రెండు వేర్వేరు నాదాలు. పైకి వెళ్లేకొద్దీ గిటార్ సన్నగా, మెరుపుగా మోగుతుంది. మీ గొంతు బరువైనదైతే పై ఫ్రెట్ కేపో గొంతుకు చోటు వదులుతుంది. సన్నని గొంతుకు కింది ఫ్రెట్ నయం.

మరి చూపుడు వేలిని తీగల మీద అడ్డంగా పరిచి నొక్కే బారే కార్డులు నేర్చుకోవడం దండగా? కాదు. చరణంలో ఒక్కసారి షార్ప్ కార్డు అవసరమైనప్పుడు, తీగలను తటాలున ఆపి తాళం చూపాల్సినప్పుడు కేపో ఏమీ చేయలేదు. పాట కట్టేటప్పుడు కేపో, రోజువారీ సాధనలో బారే అని విడదీసుకోండి. సాధన మొదటి ఫ్రెట్ దగ్గర ఎఫ్‌తో మొదలుపెట్టవద్దు. అయిదో ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టి వారానికి ఒక ఫ్రెట్ చొప్పున కిందికి రండి.

ఇక్కడ ఒక పరీక్ష. అయిదో ఫ్రెట్ దగ్గర బారే శుభ్రంగా పలికి, మొదటి ఫ్రెట్ దగ్గర మాత్రం ఎంత నొక్కినా పలకకపోతే తప్పు మీ చూపుడు వేలిది కాకపోవచ్చు. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, మొదటి ఫ్రెట్ లోహానికీ తీగకూ మధ్య సందు చూడండి. అది వెంట్రుకంత ఉండాలి. కాగితాలు మడిచి దూర్చగలిగేంత ఉంటే మెడ చివర తీగలు ఆనే నట్‌లో తీగ కూర్చునే గాడి లోతు చాలలేదని అర్థం. చవక గిటార్లలో ఇది సర్వసాధారణం. మరమ్మతు తెలిసినవాళ్లు అరగదీసి ఇస్తారు. చాలామంది ఎఫ్ కార్డు రాలేదని గిటార్ మానేయడం వెనుక ఈ చిన్న లోపం ఉంటుంది.

పిక్‌తోనా, వేళ్లతోనా

పెద్ద గొంతుతో, నలుగురిలో పాడే పాటకు పిక్. గదిలో కూర్చుని ఒకరికి చెప్పినట్లు పాడే పాటకు వేళ్లు. పిక్‌తో గట్టిగా కొట్టినప్పుడు సరిగ్గా దెబ్బ పడే క్షణంలో మీరు పలికే హల్లు మునిగిపోతుంది. వేళ్లతో మీటితే అక్షరం స్పష్టంగా వినిపిస్తుంది, పాదానికీ పాదానికీ మధ్య ఖాళీలు నింపడానికి విడి స్వరాలు దొరుకుతాయి.

వేళ్ల సాధనలో మొదట ట్రావిస్ పికింగ్ నేర్పుతారు. అమెరికాలోని కెంటకీకి చెందిన మెర్ల్ ట్రావిస్ పేరు మీద ప్రసిద్ధమైన పద్ధతి. బొటనవేలు రెండు మంద్ర తీగల మీద మార్చి మార్చి పడుతుంది. నాలుగు దెబ్బల పాటకు అద్భుతం. మిశ్రగతిలో బొటనవేలిని అలా ప్రతి దెబ్బకూ తిప్పకండి. మొదటి మాత్ర మీద ఒకసారి, నాలుగో మాత్ర మీద ఒకసారి పడితే చాలు, మిగతాది వేళ్లు చూసుకుంటాయి. పిక్ కొనేటప్పుడు పాటకు పక్కవాద్యంగా వాయించడానికి 0.7 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మందం సరిపోతుంది. విడి స్వరాల వేగానికి ఇంకొంచెం మందమైనది కావాలి.

వేళ్ల కసరత్తా, సరళీ స్వరాలా

చేతి వేగం కోసం అందరూ చేసే కసరత్తు ఒకటి, రెండు, మూడు, నాలుగు ఫ్రెట్లను వరుసగా నొక్కుతూ ఆరు తీగలూ దాటడం. వేళ్లకు స్వతంత్రత వస్తుంది. చెవికి ఏమీ రాదు, ఎందుకంటే ఆ స్వరాల వరుసకు పాటలో చోటు లేదు. దాని బదులు కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలు, జంట స్వరాలు గిటార్ మీద మూడు కాలాల్లో వాయించి చూడండి. పిక్ కింద పైన సాధన అదే అవుతుంది, వేగం పెంచే సాధన అదే అవుతుంది, పైగా నోటితో స్వరం పలుకుతూ వాయిస్తారు కాబట్టి తలలో పుట్టిన బాణీ తీగ మీద ఎక్కడుందో వెతుక్కునే బాధ క్రమంగా తగ్గుతుంది. జంట స్వరాలు ప్రత్యేకంగా గిటార్ కోసమే రాసినట్లుంటాయి: ప్రతి స్వరం రెండుసార్లు, ఒకసారి కింద, ఒకసారి పైన. సప్త తాళ అలంకారాల్లో త్రిపుట ఏడు అక్షరాలది, ఝంపె పదిది. ముందు చెప్పిన నడకల సాధన కూడా ఇక్కడే పూర్తవుతుంది.

పాఠాలు మాయామాళవగౌళ రాగంతోనే మొదలుపెట్టాలన్న నియమం గిటార్‌కు అవసరం లేదు. శంకరాభరణంలో మొదలుపెట్టండి, అది పట్టు దొరికాక మాయామాళవగౌళకు వెళ్లండి. రిషభానికీ గాంధారానికీ మధ్య ఉన్న దూరం అప్పుడు కష్టమనిపించదు.

గురువు, వీడియో, గ్రేడ్ పరీక్ష

ఎడమ మణికట్టు వంగిపోవడం, బొటనవేలితో మెడను పిండడం, భుజం బిగబట్టడం లాంటివి వీడియో చూస్తూ మీకు మీరు పట్టుకోలేరు. వాటికి మనిషి కావాలి. మిగతా చాలా వరకు ఉచితంగానే దొరుకుతుంది. జస్టిన్ సాండర్కో ఆన్‌లైన్ గిటార్ పాఠాలు 2003 నుంచీ నడుస్తున్నాయి, క్రమం తప్పకుండా పోదలచినవాళ్లకు అంతకంటే ఎక్కువ అక్కరలేదు. కాబట్టి నెలనెలా ఏడాది పొడుగునా ఫీజు కట్టే బదులు, మూడు నెలలకు ఒకసారి మంచి గిటారిస్టు దగ్గర ఒక గంట తీసుకుని చేయి చూపించుకోవడం మీ దశలో చాలు. క్రమశిక్షణ సొంతంగా నిలవనివాళ్లకు ఈ మాట వర్తించదు, వాళ్లు వారం వారం వెళ్లాల్సిందే.

గ్రేడ్ పరీక్షల విషయంలో తల్లిదండ్రులకు ఉన్నంత ఉత్సాహం నాకు లేదు. ట్రినిటీ కాలేజ్ లండన్ పరీక్షల్లో ఇనిషియల్ తరువాత ఒకటి నుంచి ఎనిమిది వరకు గ్రేడ్లు. క్లాసికల్ గిటార్ దారి చేతిని దిద్దుతుంది, నొటేషన్ చదవడం నేర్పుతుంది, పాట కట్టడం నేర్పదు. పాట కట్టడం మీద మనసున్నవాళ్లు అదే సంస్థ రాక్ అండ్ పాప్ పరీక్షలు చూడండి. వాటిలో ఒక పాటగా సొంత రచనను ఇవ్వడానికి వీలుంది. తేదీ దగ్గరపడితే తప్ప పాట పూర్తి చేయనివాళ్లకు ఆ ఒక్క కారణం చాలు.

ఇంకో గిటార్ కోర్సుకు పెట్టే డబ్బు చేతిలో ఉంటే, దాన్ని గాత్రానికి పెట్టండి. ఊళ్లో కర్ణాటక సంగీతం నేర్పేవాళ్లు ఉంటారు. విదేశాల్లో ఉంటున్నవాళ్లకు ఆన్‌లైన్‌లో చెప్పే టీచర్లు ఇప్పుడు తేలికగా దొరుకుతున్నారు. పాట కట్టేవాడికి గొంతే మొదటి వాద్యం.

నైలానా, స్టీలా, ఎలక్ట్రిక్కా

ఉన్న గిటార్‌తో ఒక్క పాటైనా పూర్తి చేయకుండా కొత్తది కొనవద్దు. కొనాల్సిన అవసరం నిజంగా వస్తే ఇవీ తేడాలు. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ మెడ వెడల్పు, నట్ దగ్గర 52 మిల్లీమీటర్ల దాకా. తీగల మధ్య చోటెక్కువ, వేళ్లతో మీటడానికి అనువు, చిన్న చేతులకు బారే కష్టం. స్టీల్ తీగల గిటార్ నట్ దగ్గర 43 మిల్లీమీటర్ల చుట్టూ. కార్డులు కొట్టి పాడడానికి ఇదే సహజం. మెత్తని గొంతుతో వేళ్లతోనే వాయించేవాళ్లు నైలాన్ తీసుకోండి, మిగతా అందరూ స్టీల్. కొత్తగా వచ్చిన స్టీల్ గిటార్ వేళ్లను కోసేస్తుంటే తీగలు మార్చండి: మొదటి తీగ 0.012 అంగుళాల సెట్ నుంచి 0.010కి దిగితే నొప్పి బాగా తగ్గుతుంది. నైలాన్ గిటార్‌కు మాత్రం ఎప్పుడూ స్టీల్ తీగలు కట్టవద్దు. ఆ బిగువుకు బ్రిడ్జ్ ఊడి వస్తుంది.

ఎలక్ట్రిక్ గిటార్‌ను పాట కట్టేవాళ్లు సాధారణంగా పక్కన పెడతారు. రెండు కారణాల వల్ల ఆలోచించదగ్గదే. ఒకటి, అపార్ట్‌మెంట్లో అర్ధరాత్రి హెడ్‌ఫోన్లతో వాయించవచ్చు. రెండోది గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ, జార్చుతూ పలికించడం. అకూస్టిక్ మీద స్వరం పుట్టిన వెంటనే తగ్గిపోతుంది, మూడో తీగ చుట్టు తీగ కావడంతో లాగడం కష్టం. ఎలక్ట్రిక్ తీగలు సన్నం, నాదం నిలుస్తుంది. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీతాన్ని మాండలిన్ మీద పలికించడానికి ఎంచుకున్నది కూడా జంట తీగల అకూస్టిక్ కాదు, అయిదు విడి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్. మీ బాణీల్లో జారులూ కంపితాలూ ఎక్కువైతే గిటార్ విషయంలోనూ అదే లెక్క.

విశాఖ, కాకినాడ లాంటి సముద్ర తీరాల్లో ఉండేవాళ్లు తీగలను వాయించిన ప్రతిసారీ తుడవండి, లేదా పూత వేసిన తీగలు కొనండి. ఎండాకాలంలో కారులో గిటార్ వదిలి వెళ్లవద్దు, ఏ ఊళ్లోనైనా.

రికార్డింగ్, వాటాలు

పాట తయారయ్యే దశకు ఫోను సరిపోతుంది. గిటార్ రంధ్రానికి ఎదురుగా కాకుండా నోటి ఎత్తున, చేయి చాచినంత దూరంలో పెట్టండి. ప్రతి ఫైలుకూ తేదీ, శ్రుతి, కేపో స్థానం పేరులోనే రాయండి. లేకపోతే నెల తరువాత ఆ బాణీ ఎలా వాయించారో మీకే తెలియదు. ఆడియో ఇంటర్‌ఫేస్, మైకు కొనడం మూడు నాలుగు పాటలు చరణాలతో సహా పూర్తయ్యాక చేయాల్సిన పని. అప్పుడు కూడా సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టనక్కరలేదు. ఆడాసిటీ, బ్యాండ్‌ల్యాబ్ ఉచితమే, ఆపిల్ పరికరాలున్నవాళ్లకు గ్యారేజ్‌బ్యాండ్ ఉంది.

మాటలు ఎంత ప్రయత్నించినా రానివాళ్లు కవి మిత్రుడితో కలిసి పనిచేయడం, ఒంటరిగా కుస్తీ పట్టడం కంటే ఎన్నో రెట్లు మేలు. తననాలతో పాడిన చరణాన్ని, గురు లఘువుల గుర్తులతో సహా పంపితే ఆయనకు సగం పని తగ్గుతుంది. మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం పాట మాటలకు ఒక హక్కు, సంగీతానికి వేరొక హక్కు, రికార్డింగ్‌కు ఇంకొకటి. స్నేహం బాగున్నప్పుడే, పాటను ఎక్కడైనా పెట్టకముందే, ఎవరు ఏం రాశారో, డబ్బు వస్తే ఎవరికెంతో ఇద్దరూ ఒక సందేశంలోనైనా రాసుకుని దాచుకోండి.